పొదగని బాతు, పొదిగే కోడి

బాతు గుడ్లు ఇంట్లో పొదిగించడం అనగానే మన సాఫ్టువేరు జనాలకి ముందు తట్టేది ఒక థర్మోకోల్ పెట్టె, 40 వాట్ల బల్బు, పాత కంప్యూటరులోంచి పీకిన ఫ్యాను, చిన్న థర్మోస్టాటు. వారాంతంలో కూర్చుంటే తయారైపోతుంది. తప్పేం లేదు, బాగానే పనిచేస్తుంది. కానీ ఆ పెట్టె వెనక నాలుగొందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ పెట్టెతో పనిలేకుండా మా గుండుగొలనులో అదే పని చేసిన నాటుకోడి వెనక అంతకన్నా పాత చరిత్ర ఉంది. మొదటిదాని గురించి ఇంగ్లీషులో పుస్తకాలున్నాయి. రెండోదాని గురించి రాసినవాళ్ళు నాకు కనపడలేదు. అందుకని రెండూ కలిపి నాకు తెలిసినంత రాద్దామని ఈ టపా.

ముందు ఊరి సంగతి. గుండుగొలను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, భీమడోలు మండలంలో ఉంటుంది. 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఆ ఏడు ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లా. పేరులోనే కొలను ఉంది. ఊరికి దక్షిణంగా దిగితే పల్లం, వరిచేలు, చేపల చెరువులు, ఆ తరవాత కొల్లేరు. ఉత్తరంగా ద్వారకా తిరుమల వైపు ఎక్కితే మెట్ట. కోడి మెట్ట మనిషికి తోడు, బాతు పల్లపు మనిషికి తోడు. మా ఊరు సరిగ్గా ఆ రెండూ కలిసే గీత మీద ఉంది కాబట్టి మా వైపు పెరళ్ళలో రెండూ ఉండేవి. బాతు గుడ్డు కోడి కిందకి చేరడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదేమో.

ఇంతకీ బాతు గుడ్డు కోడి కిందకి ఎందుకు చేరాలి? బాతే పొదగొచ్చు కదా? అక్కడే ఉంది అసలు కథ.

అడవి బాతు చక్కగా పొదుగుతుంది. పొదక్కపోతే దాని జాతే మిగలదు. మనం పెంచుకునే బాతులు చాలావరకు మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. దాన్ని మచ్చిక చేసుకున్నాక మనిషికి కావలసింది గుడ్లు. ఏ పక్షయినా పొదుగుకి కూర్చుంటే గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. కాబట్టి తక్కువగా పొదిగే బాతు ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టినదాని గుడ్లే మనం పిల్లల కోసం ఎంచుకుంటాం. వాటిని కోడి కిందో, ఊకలోనో, పెట్టెలోనో పెట్టి పిల్లలు చేయిస్తాం. అంటే పొదగని బాతు వంశం కూడా నిక్షేపంగా సాగిపోతుంది. ఇలా కొన్ని వందల తరాలు గడిచాక బాతు ఆ పనే మర్చిపోయింది. ప్రకృతిలో ఏ జీవినైనా తుడిచిపెట్టేసే లోపం, మనిషి పెరట్లో అర్హత అయిపోయింది. 

దీనికి మంచి ఉదాహరణ ఖాకీ క్యాంప్‌బెల్. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ ఇండియన్ రన్నర్ బాతుని వేరే జాతులతో కలిపి దీన్ని తయారు చేసింది. 1898లో బయటికొచ్చింది. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే రకం, కానీ పొదగమంటే ముఖం తిప్పుకుంటుంది. తమాషా ఏమిటంటే ఆ ఇండియన్ రన్నర్ మన ఇండియాది కాదు, ఇండోనేషియా దీవులది. మన దేశంలో బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న కేంద్ర ప్రభుత్వపు బాతుల క్షేత్రం ఈ ఖాకీ క్యాంప్‌బెల్‌ని రైతులకి పరిచయం చేసింది. అంటే మనకి దిగుమతైన "మేలుజాతి" అంతా తల్లితనం తీసేసిన జాతి అన్నమాట.

సరే, మా ఊరి పద్ధతికొస్తాను. మా మామ్మ చేస్తుండగా చూసిందే ఇది.

నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టాక పొదుగుకొస్తుంది. గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ వేడి చర్మం నేరుగా గుడ్డుకి తగలాలి, అదే దాని హీటరు. ఎవరింట్లో కోడి పొదుగుకొచ్చిందో వీధంతా తెలుస్తుంది. పక్కింటావిడ వచ్చి అడిగేది, "ఏమండీ మామ్మగారూ, మా పెట్ట పొదుగుకొచ్చింది, మీ బాతు గుడ్లున్నాయా?" అని. "ఉన్నాయమ్మా, ఎనిమిది పట్టుకెళ్ళు. పిల్లలు సగపాలు," అనేది మామ్మ. అంతే అగ్రిమెంటు. గుడ్లు ఒకరివి, కోడి ఒకరిది, పిల్లలు చెరిసగం.

ఎనిమిదే ఎందుకంటే నాటుకోడి తన గుడ్లయితే పన్నెండు దాకా కప్పగలదు గానీ, బాతు గుడ్డు పెద్దది, సుమారు 70 గ్రాములుంటుంది. అన్నీ రెక్కల కిందకి రావు. బయటికి మిగిలిన గుడ్డు చల్లబడిపోతుంది. బుట్టలో ఇసుకో ఊకో పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్లు పెట్టి, చీకటి పడ్డాక కోడిని కూర్చోబెట్టేవారు. పగలు పెడితే కొత్త చోటని లేచిపోతుంది. బుట్టలో ఒక ఇనపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసేవారు, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా. దీనికి శాస్త్రం అడక్కండి :-) మిగతావాటన్నిటికీ ఉంది.

ఉదాహరణకి నీళ్ళు చల్లడం. కోడి గుడ్లకి చల్లరు, బాతు గుడ్లకి చల్లుతారు. బాతు తనే పొదిగితే రోజూ ఓసారి లేచి నీళ్ళలో మునిగి తడి ఈకలతో తిరిగొస్తుంది. కోడి పొడిగా వస్తుంది. ఆ తేడా మనిషి తీర్చాలి. గుడ్డు పెంకుకి వేల సన్నటి రంధ్రాలుంటాయి, పొదిగినన్నాళ్ళూ వాటిలోంచి లోపలి నీరు ఆవిరవుతూ ఉంటుంది. మరీ ఎక్కువగా ఆరిపోతే పిల్ల పొరకి అతుక్కుపోయి బయటికి రాలేదు. అసలు ఆరకపోతే గుడ్డు మొద్దువైపు గాలి గది చాలదు, పెంకు పగలగొట్టే ముందు పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. అందుకే చివరి మూడు రోజుల్లో తేమ పెంచాలి. ఇవాళ పుస్తకాల్లో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు, మొదట్లో 55-60 శాతం తేమ, చివర్లో 70 పైన అని రాసి ఉంటుంది. మామ్మకి శాతాలు తెలీదు. గోరువెచ్చటి నీళ్ళు వేళ్ళతో చిలకరించేది.

ఇంకోటి తిప్పడం. తిప్పకపోతే పిండం పెంకు పొరకి అంటుకుపోతుంది. కోడి తన గుడ్లని ముక్కుతో రోజుకి ఎన్నోసార్లు తిప్పుకుంటుంది. బాతు గుడ్డు బరువు కాబట్టి దానికి సరిగా తిరగదు. కోడి మేతకి లేచినప్పుడు మామ్మ చేత్తో తిప్పేది, అంచునున్నవి మధ్యకి, మధ్యవి అంచుకి. మనం లోడ్ బ్యాలెన్సింగ్ అని పేరు పెట్టుకున్న పని. వారం తరవాత చీకటి గదిలో టార్చిలైటుకి గుడ్డు ఆనించి చూస్తే, ప్రాణమున్నదాంట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడతాయి. ఏమీ కనపడకపోతే తీసెయ్యాలి, లేకపోతే మురిగి పగిలి మిగతావాటిని పాడుచేస్తుంది.

కోడి గుడ్డుకి 21 రోజులు, బాతు గుడ్డుకి 28 రోజులు. ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. వారం ఆలస్యమైనా కోడి లేవదు. చిన్నప్పుడు అడిగాను, దానికి తెలీదా మామ్మా ఇవి దాని గుడ్లు కావని. "కింద పెట్టుకున్నాక దానివే కదరా," అంది.

ఇక పిల్లలు బయటికొచ్చాక జరిగే తమాషా పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. కోడి గట్టు మీద నిలబడి గోలగోలగా అరుస్తూ ఉంటుంది, పిల్లలు నీళ్ళలో ఈదేస్తూ ఉంటాయి. పుట్టగానే మొదట కనపడినదాన్నే తల్లి అనుకోవడాన్ని 1873లోనే డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆయన కోడిపిల్లల్లో గమనించి రాశాడు. తరవాత కాన్రాడ్ లోరెంజ్ పెద్దబాతుల మీద చేసిన పని ప్రసిద్ధమైంది, ఆయనకి 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. కోడిని తల్లి అనుకోవడం నేర్చుకున్నది, నీళ్ళలో దిగడం పుట్టుకతో వచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. తల్లి బాతు ఈకల నూనె పిల్లల నూగుకి అంటి నీళ్ళు ఇంకకుండా కాపాడుతుంది. కోడి దగ్గర ఆ నూనె ఉండదు. అందుకని మొదటి వారాల్లో లోతు నీళ్ళలోకి వదిలితే తడిసి, వణికి చచ్చిపోతాయి.

ఇప్పుడు ప్రపంచం వైపు చూద్దాం. కోడి లేకుండా పొదిగించాలన్న ఆలోచన చాలా పాతది. ఈజిప్టులో మట్టి ఇటుకల పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించేవారు. థర్మామీటరు లేదు, గుడ్డుని కనురెప్పకి ఆనించి వేడి చూసేవారు. చైనాలో, ఆగ్నేయాసియాలో, బంగ్లాదేశ్‌లో బాతు గుడ్లకి వేడిచేసిన వడ్లు, ఊక వాడారు. ఇందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. సగం రోజులు దాటిన గుడ్డులో పిండం పెద్దదై సొంతంగా వేడి పుట్టిస్తుంది. ఆ పాత గుడ్ల పక్కన కొత్త గుడ్లు పేర్చితే, పాతవాటి మిగులు వేడితో కొత్తవి పొదుగుతాయి. ముందు బ్యాచ్ వెనక బ్యాచ్‌ని నడుపుతుంది. కరెంటు లేదు, పొగ లేదు, దాదాపు ఖర్చు లేదు.

యూరపు వాళ్ళు ఈ పని యంత్రానికి అప్పచెప్పబోయారు. అక్కడే మన వృత్తికి సంబంధించిన సంగతి ఉంది. కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి ఆయన, 1620లో లండన్లో జలాంతర్గామి చేసి చూపించినాయనే, ఆ రోజుల్లోనే గుడ్లు పొదిగించడానికి ఒక కొలిమి తయారుచేశాడు. వేడి పెరిగితే గొట్టంలో సారాయి వ్యాకోచించి పాదరసాన్ని నెడుతుంది, పాదరసం ఒక కడ్డీని లేపుతుంది, కడ్డీ గాలి దారిని మూస్తుంది, మంట తగ్గుతుంది. చల్లబడితే అంతా తిరగబడుతుంది. తన ఫలితాన్ని తనే చూసుకుని సరిదిద్దుకునే యంత్రాల్లో, అంటే ఫీడ్‌బ్యాక్ కంట్రోల్‌లో, చాలా మొదటివాటిల్లో ఇదొకటిగా చెబుతారు. 1749లో రెయోమూర్ కృత్రిమంగా పొదిగించడం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ తరవాత బొన్నెమాఁ అనే ఫ్రెంచి ఆయన లోహాల వ్యాకోచంతో పనిచేసే వేడి నియంత్రణ పెట్టి, కోడిపిల్లల్ని పారిస్ బజారుకి సరఫరా చేశాడు. థర్మోస్టాట్ అనే మాట 1830లో ఆండ్రూ యూర్ పెట్టింది. ఇవాళ మన డేటా సెంటర్లలో ఏసీలు నడిపే తర్కం పుట్టింది గుడ్ల పెట్టెలో! ఈ తర్కాన్ని మా కోడి ఎప్పట్నించో నడుపుతోంది. వేసవిలో గుడ్ల మీంచి కాస్త ఎక్కువసేపు లేస్తుంది, ముసురుపట్టినప్పుడు అసలు కదలదు.

మరి మా వైపు ఈ పద్ధతి ఎందుకు సన్నగిల్లింది? "జనాలకి ఓపిక లేదు" అని పెద్దవాళ్ళు అంటారు గానీ, నాకు అది సరైన కారణంలా అనిపించదు. మూడు మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

మొదటిది నీళ్ళు, నేల. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి. కాలవలొచ్చి డెల్టా అంతా వరి అయ్యాక బాతులకి స్వర్ణయుగం వచ్చిందనే చెప్పాలి. కోత అవ్వగానే చేలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు. మంద తోలుకొచ్చేవాళ్ళు కోతల వెంట చేను తర్వాత చేను మారుతూ పోయేవారు. రైతుకి పురుగు పోతుంది, రెట్ట ఎరువవుతుంది, బాతుకి మేత దొరుకుతుంది. జపానులో తకావో ఫురునో అనే రైతు 1988 నుంచి వరిలో బాతుల్ని పెంచే సేద్యం చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మనకి అది కొత్త సంగతి కాదు, పేరు పెట్టలేదంతే. పురుగుమందులు వచ్చాక బాతుని చేలో వదలడానికి భయం పట్టుకుంది. 1970ల నుంచి కొల్లేట్లో చేపల చెరువులు మొదలయ్యాయి, తరవాత విచ్చలవిడిగా పెరిగాయి. బాతుకి కావలసింది ఎవరిదీ కాని బాడవ నేల, లోతు లేని నీళ్ళు. గట్టు వేసి లీజుకిచ్చిన చెరువు ఎవరో ఒకరిది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చేశారు. వలస పక్షులకి కొంత చోటు తిరిగొచ్చింది. పెంపుడు బాతుల సంగతి ఏ వాదనలోనూ వినపడలేదు.

రెండోది కోళ్ళ పరిశ్రమ. 1971లో డాక్టర్ బి.వి.రావు గారు వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు, 1982లో ఆయన చొరవతో నెక్ వచ్చింది. తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతం గుడ్లకి పేరుపడింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రం మొదటి స్థానంలో ఉంది. నేను దాన్ని తక్కువ చెయ్యను, పేదవాడి కంచంలోకి గుడ్డు వచ్చింది ఆ పరిశ్రమ వల్లే. కానీ అది దేని మీద నిలబడిందో గమనించండి. నాటుకోడి ఏడాదికి పెట్టేది ఓ అరవై గుడ్లు, మధ్యలో పొదుగు, పిల్లల పెంపకం. ఫారం కోడి 300 పైన పెడుతుంది, ఎందుకంటే అది పొదగదు. పొదుగుకొచ్చే గుణాన్ని తరతరాలుగా ఏరిపారేశారు. మన భాషలో చెప్పాలంటే ప్రసూతి సెలవు అడగని ఉద్యోగిని మాత్రమే ఎంచుకుంటూ పోయిన కంపెనీ అది. బాతుకి జరిగిందే కోడికీ జరిగింది, బాతుకి వందల ఏళ్ళు పడితే దీనికి వంద కూడా పట్టలేదు. బాతు పొదగనప్పుడు కోడి ఉంది. కోడీ పొదగనప్పుడు ఇంక మిగిలింది కరెంటు పెట్టె.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మా జిల్లాల్లో మంచి పొదుగు పెట్టలు ఇంకా మిగిలున్నాయంటే అందులో సంక్రాంతి కోడిపందాల పుణ్యం చాలా ఉంది. పందెం జాతి పెట్ట పొదుగులో గట్టిది, పిల్లల్ని గద్ద నుంచి కాపాడుకోవడంలో ఇంకా గట్టిది. కత్తి కట్టిన పుంజు కోసం లక్షలు పెట్టేవాళ్ళు, ఆ పుంజుని కన్న పెట్టని కూడా జాగ్రత్తగా చూసుకుంటారు. చట్టం ఒప్పుకోని ఆట వల్ల ఒక తల్లి గుణం బతికింది. దీన్ని ఎలా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మూడోది జబ్బు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. నిబంధన ప్రకారం జబ్బు తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పక్షులన్నిటినీ చంపాలి. ఆ కిలోమీటరులో లక్ష కోళ్ళ షెడ్డూ ఉంటుంది, బుట్టలో ఎనిమిది గుడ్ల మీద కూర్చున్న పెట్టా ఉంటుంది. నియమం రెండిటికీ ఒకటే. పెరటి కోడి మీద జాలితో నిజాన్ని దాచకూడదు. అడవి బాతులు ఫ్లూ వైరస్‌లకి సహజ నిలయాలు, పెంపుడు బాతులు ఒక్కోసారి జబ్బు లక్షణాలు కనపడకుండానే వైరస్‌ని మోస్తాయి. బాతునీ కోడినీ ఒకే బుట్టలో కలపడం జబ్బుల డాక్టరుకి నచ్చే పని కాదు. మామ్మ పద్ధతిలో ప్రమాదం ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ అటు చూస్తే, ఒకే రకం కోళ్ళు లక్షల్లో ఒక్క చోట ఉండటమూ ప్రమాదమే. సర్వర్లన్నీ ఒకే గదిలో పెట్టకూడదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

అందుకని నేను అందరూ పాత రోజులకి వెళ్ళిపోండి అనడం లేదు. పరిశ్రమ ఉండాలి, పెట్టె ఉండాలి. నా బాధల్లా ఒక్కటే. పెట్టె గురించిన జ్ఞానం పుస్తకాల్లో, పేటెంట్లలో భద్రంగా ఉంది. మామ్మల జ్ఞానం వాళ్ళ వేళ్ళలో ఉంది. నీళ్ళు ఎంత చల్లాలి, ఏ పెట్ట 28 రోజులు కూర్చుంటుంది, ఏది 21వ రోజున లేచిపోతుంది, ఇవి ఎక్కడా రాసిలేవు. పొదిగే పెట్ట కనుమరుగైతే ఆ గుణాన్ని మళ్ళీ తేవడం కష్టం. బ్యాకప్ లేని డేటా అది.

కాబట్టి ఒక చిన్న విన్నపం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ వీధిలో బాతు గుడ్లు కోడి కింద పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే పక్కన కూర్చుని అన్నీ అడిగి రాసుకోండి, ఫోనులో వీడియో తీసుకోండి. మీరే చేద్దామనుకుంటే పెంపుడు బాతుల గుడ్లే తీసుకోండి, కొల్లేటి అడవి పక్షుల గూళ్ళ జోలికి మాత్రం పోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. పెట్టెతో చేసినా సరే, ఏడో రోజు రాత్రి దీపం ఆర్పి టార్చి పెట్టి ఓసారి చూడండి. ఆ ఎర్రటి గూడు మధ్యలో నల్లటి చుక్క కొట్టుకుంటూ ఉంటుంది.

మీ ఊళ్ళో ఈ పని ఎలా చేసేవారో, ఇనపముక్క బదులు ఇంకేమైనా వేసేవారో చెప్పండి. కృష్ణా జిల్లా వాళ్ళూ, నెల్లూరు వాళ్ళూ, ముఖ్యంగా మీరు!